రోడ్డు వెడల్పు చూసి ఎదిగిన ఊరు: పుప్పాలగూడ

ఈసారి ఎపిసోడ్ స్టూడియో సెటప్‌లో కాదు, మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యమధ్యలో హారన్లు వినిపిస్తాయి, ఏమనుకోవద్దు. ఎడిటింగ్‌లో తీసేయొచ్చు గానీ కావాలనే ఉంచేస్తున్నా. ఎందుకంటే ఈరోజు మాట్లాడేది ఆ హారన్ల గురించే.

నేను బీటెక్ అయ్యాక మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు పుప్పాలగూడలో హాస్టల్ తీసుకున్నా. ఎందుకంటే మ్యాప్‌లో ఆఫీసు నాలుగు కిలోమీటర్లు చూపించింది. మా ఊళ్ళో నాలుగు కిలోమీటర్లంటే పొలం కాడికి పోయి వచ్చేంత దూరం, అదో లెక్కా? మొదటి రోజు క్యాబ్ ఎక్కితే గంటా పది నిమిషాలు పట్టింది. రెండో వారం విసుగొచ్చి నడిచి వెళ్ళా. యాభై ఐదు నిమిషాలు. అంటే కాలినడకే ఫాస్ట్. మరి రోజూ ఎందుకు నడవలేదు? ఫుట్‌పాత్ అనేది కొంత దూరం ఉంటుంది, మాయమవుతుంది, మళ్ళీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ వెనక ప్రత్యక్షమవుతుంది. వాన పడిందా, ఇక అసలు రోడ్డేదో గుంతేదో తెలీదు. ఈ వాన సంగతి తర్వాత వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

అప్పట్నుంచి నాకు ఒకటే ప్రశ్న. ఇంత డబ్బు, ఇన్ని టవర్లు, పక్కనే ఎనిమిది లేన్ల ఓఆర్ఆర్, ఇన్ని ఉన్న చోట నాలుగు కిలోమీటర్లు దాటడం ఇంత కష్టమెలా అయింది? ఉద్యోగం మానేశాక దీని మీద కూర్చుని చదివా. చదివితే తెలిసిందేంటంటే, ఇది ఎవరో పట్టించుకోకపోవడం వల్ల మాత్రమే జరిగింది కాదు. చాలా భాగం ప్లాన్ ప్రకారమే జరిగింది. అదే అసలు కథ.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1874లో నిజాం కాలంలో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది. ఆ లైను లింగంపల్లి వైపు నుంచి పోయింది. పాత బొంబాయి రోడ్డేమో మెహిదీపట్నం, టోలీచౌకి, షేక్‌పేట, రాయదుర్గం, గచ్చిబౌలి మీదుగా పటాన్‌చెరు వైపు వెళ్ళింది. పుప్పాలగూడ ఈ రెండింటికీ దక్షిణాన, గుట్టల మధ్య ఉండిపోయింది. అంటే రైలూ తగల్లేదు, హైవే కూడా ఊళ్ళోంచి పోలేదు. మా ఇంటి ఓనర్ తాత ఇక్కడే పుట్టి పెరిగినాయన. "మెహిదీపట్నం పోవాలంటే సైకిలే బిడ్డా, లేకుంటే బొంబాయి రోడ్డు దాకా నడిచి బస్సు పట్టుడు" అంటాడు.

కానీ ఈ ఊరి గుండా ఒక పాత లైను మాత్రం ఉంది. మనుషుల కోసం కాదు, నీళ్ళ కోసం. దాని పేరు బుల్కాపూర్ నాలా. 16వ శతాబ్దంలో, కుతుబ్‌షాహీల కాలంలో హుస్సేన్ సాగర్ కట్టినప్పుడు దాన్ని నింపడానికి పడమట శంకర్‌పల్లి వైపు నుంచి తవ్విన కాలువ ఇది. కోకాపేట, పుప్పాలగూడ, మణికొండ, టోలీచౌకి, మెహిదీపట్నం, ఇలా వెళ్తుంది. ఈ వరస ఒకసారి మళ్ళీ చదవండి. ఇవాళ మనం బైక్ మీద తిట్టుకుంటూ పోయే రూటే కదా! నాలుగు వందల ఏళ్ళ క్రితం ఎవరో నేల వాలు చూసి, నీళ్ళు తమంతట తామే పోయేలా గీసిన గీత అది. ఆ తర్వాత వచ్చిన ప్లానర్లలో నేల వాలు అంత శ్రద్ధగా చూసినవాళ్ళు తక్కువనే నా అభిప్రాయం.

ఇక్కడ చిన్న సైడ్ ట్రాక్. 1932లో హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ బస్సులు మొదలయ్యాయి, 27 బస్సులతో. నడిపిందెవరో తెలుసా? నిజాం స్టేట్ రైల్వే వాళ్ళే, రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ అని ఒక విభాగం పెట్టి. అంటే రైలు, బస్సు ఒకే ఇంటి మనుషులు. ఇప్పుడు చూడండి. ఎంఎంటీఎస్ రైల్వేది, సిటీ బస్సు ఆర్టీసీది, మెట్రో ఇంకొకరిది. ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది, దాంట్లో హైటెక్ సిటీ అని స్టేషన్ కూడా ఉంది. కొత్తగా సిటీకొచ్చిన వాళ్ళు పేరు చూసి అక్కడ దిగుతారు, దిగాక ఆఫీసు కోసం మళ్ళీ ఆటో వెతుక్కుంటారు. నేనూ దిగినోణ్ణే.

సరే, అసలు కథలోకి వద్దాం. 1998 నవంబర్ 22న వాజ్‌పేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2001లో ఈ ప్రాంతం కోసం సైబరాబాద్ డెవలప్‌మెంట్ అథారిటీ పెట్టారు. అప్పటికి పుప్పాలగూడ ఇంకా పంచాయతీ ఊరే. భూముల మీద కేసులు కూడా ఎక్కువ. దేశ విభజనప్పుడు పాకిస్తాన్ వెళ్ళిపోయినవాళ్ళు వదిలేసిన ఎవాక్యూ ప్రాపర్టీ భూములు ఇక్కడున్నాయి, ఆ కేసులు దశాబ్దాల తరబడి నడిచాయి. అది వేరే ఎపిసోడ్, ఇప్పుడు దాంట్లోకి పోతే బయటికి రాలేం.

మొత్తం మార్చేసింది రెండు నిర్ణయాలు. ఒకటి అందరికీ తెలుసు. రెండోది దాదాపు ఎవరికీ తెలీదు.

తెలిసింది ఔటర్ రింగ్ రోడ్డు. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైంది. అదే ఏడాది నవంబర్ 14న నర్సింగి నుంచి శంషాబాద్ దాకా మొదటి 22 కిలోమీటర్ల ఓఆర్ఆర్ తెరిచారు. మొత్తం 158 కిలోమీటర్ల రింగులో ఫస్ట్ ముక్క మన పక్కనుంచే పోయిందన్నమాట. ఐటీ కారిడార్ నుంచి ఎయిర్‌పోర్టుకి అరగంట అనే మాట అప్పుడే పుట్టింది. కంపెనీలకి ఇది చాలా పెద్ద విషయం, ఒప్పుకోవాలి. క్లయింట్ ఫ్లైట్ దిగి గంటలోపు మీటింగ్ రూమ్‌లో కూర్చుంటాడు.

కానీ ఓఆర్ఆర్ ఏ రకం రోడ్డో చూడండి. యాక్సెస్ కంట్రోల్డ్ ఎక్స్‌ప్రెస్‌వే. టూ వీలర్‌కి ఎంట్రీ లేదు, నడిచేవాళ్ళకి అసలే లేదు. ఇంటర్‌చేంజ్ ఉన్నచోటే ఎక్కాలి, ఉన్నచోటే దిగాలి. అటుపక్కకి దాటాలంటే అండర్‌పాస్ ఎక్కడుందో అక్కడికే పోవాలి. దూరం పోయేవాళ్ళకి అది రోడ్డు. పక్కనే ఉండేవాళ్ళకి అది గోడ. తాత వాళ్ళ బంధువులు ఓఆర్ఆర్ అవతల ఉంటారు. ఒకప్పుడు పొలం గట్ల మీద పదిహేను నిమిషాలు నడిస్తే వచ్చే ఇల్లు. ఇప్పుడు మనవడు కారు తీస్తేనే పోతాడు, అది కూడా పండక్కే.

ఇక రెండో నిర్ణయం. ఇది రోడ్డు వేయడం కాదు, ఒక కాగితం. 2006 మార్చి 3న వచ్చిన జీవో నంబర్ 86. బిల్డింగ్ రూల్స్. పేరు వింటేనే నిద్రొస్తుంది కదా, ఒక్క రెండు నిమిషాలు ఆగండి. హైదరాబాద్ స్కైలైన్ ఇలా ఎందుకుందో అర్థం కావాలంటే ఇదే కీ.

దేశంలో పెద్ద నగరాల్లో మామూలుగా ఎఫ్‌ఎస్‌ఐ అని ఒక లిమిట్ ఉంటుంది. మీ స్థలం వెయ్యి గజాలు, ఎఫ్‌ఎస్‌ఐ రెండు అనుకోండి, అన్ని అంతస్తులూ కలిపి రెండు వేల గజాలకి మించి కట్టకూడదు. బెంగళూరు, చెన్నై, ముంబై, అన్నిచోట్లా నంబర్లు వేరు గానీ లెక్క ఇదే. హైదరాబాద్‌లో ఆ జీవోతో ఈ లిమిట్ తీసేశారు. దాని బదులు ఏం పెట్టారు? మీ ప్లాట్ ముందు రోడ్డు ఎంత వెడల్పుంది, చుట్టూ ఎంత ఖాళీ వదుల్తున్నారు, దాన్ని బట్టి ఎత్తు. 2012లో జీవో 168 వచ్చినా లెక్క పద్ధతి ఇదే. సన్న రోడ్డు మీద తక్కువ అంతస్తులు. వంద అడుగుల రోడ్డు ఉంటే, స్థలం సరిపడా ఉంటే, ఫైర్ వాళ్ళూ ఎయిర్‌పోర్టు వాళ్ళూ ఒప్పుకుంటే, ఆకాశమే హద్దు.

అర్థమైంది కదా ఏమైందో? ఈ సిటీలో రోడ్డు వెడల్పు అనేది బండ్లు పోయే లెక్క మాత్రమే కాదు. అది ఎన్ని అంతస్తులు లేపొచ్చో చెప్పే పర్మిషన్. ఎక్కడ వంద అడుగుల రోడ్డు గీశారో అక్కడ భూమి రేటు పదింతలు. పక్కనే కోకాపేట చూడండి. 2006 వేలంలో ఎకరం 14 కోట్లు పలికితే దేశమంతా నోరెళ్ళబెట్టింది. 2023 ఆగస్టులో అదే కోకాపేటలో, నియోపోలిస్ లేఅవుట్‌లో ఎకరం 100 కోట్లు దాటింది. భూమి అదే భూమి. ముందున్న రోడ్డు, దాని మీద కట్టగలిగే ఎత్తు మారాయి, పక్కనే ఓఆర్ఆర్ ఎక్కే దారి ఉంది.

ఇది మంచి రూలా చెడ్డ రూలా? నా నిజాయితీ జవాబు: సగం మంచిది. ఎఫ్‌ఎస్‌ఐ మరీ తక్కువ పెట్టిన నగరాల్లో ఇళ్ళు చాలక, ఉన్నవి మరీ ఖరీదై, జనం ఎక్కడో అరవై కిలోమీటర్ల అవతల ఉండి లోకల్ ట్రైన్లలో వేలాడారు. హైదరాబాద్‌లో మన జీతగాళ్ళకి చాలా ఏళ్ళు ఇల్లు కొనే ధైర్యం మిగిలిందంటే ఈ రూల్ కూడా ఒక కారణమే అనుకుంటా.

తేడా ఎక్కడొచ్చిందంటే, ఆ రూల్ ప్రధానంగా చూసేది ప్లాట్ ముందున్న రోడ్డుని. ఆ రోడ్డు ఎక్కడికి పోతుంది, పోయి దేంట్లో కలుస్తుంది, అక్కడ బస్సుందా, రైలుందా, ఇవి దాని లెక్కలో లేవు. కోడ్ రాసేవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. సర్వర్‌కి నెట్‌వర్క్ కార్డు పది జీబీది పెట్టారు, అది చూసి లక్షమంది యూజర్లని అలో చేశారు. వెనకాల కేబుల్ మాత్రం పాతదే. డ్యాష్‌బోర్డులో అన్నీ గ్రీన్. యూజర్‌కి మాత్రం పేజీ లోడ్ అవదు.

పోయిన వారం నేనూ మా కెమెరామన్ టేప్ పట్టుకుని తిరిగాం. టవర్ల ముందు వంద అడుగుల రోడ్డు. అక్కణ్ణుంచి పాత ఊరి వైపు వస్తుంటే ఒక మలుపు దగ్గర నలభై, మా గల్లీ దగ్గరికొచ్చేసరికి ఇరవై రెండు. ఆ ఇరవై రెండులో మళ్ళీ ఒక పాలబండి, ఒక వాటర్ ట్యాంకర్, ఇస్త్రీ బండి, రెండు పార్కింగులు. టవర్లలో వాళ్ళు వంద అడుగుల రోడ్డు మీదే ఉంటారు గానీ బడికీ కూరగాయలకీ షార్ట్‌కట్‌కీ ఈ ఇరవై రెండు అడుగుల్లోకే వస్తారు.

ఇంకోటి. టవర్ ఎత్తు పెరిగే కొద్దీ చుట్టూ వదలాల్సిన ఖాళీ పెరుగుతుంది, స్థలం పెద్దది కావాలి. అందుకే ఎకరాలకి ఎకరాలు ఒకే కాంపౌండ్ వాల్. గేటెడ్ కమ్యూనిటీ. లోపల వాకింగ్ ట్రాక్ ఉంటుంది, చాలా బాగుంటుంది, నేను ఫ్రెండ్ ఇంటికెళ్ళినప్పుడు నడుస్తా కూడా. కానీ బయట నడిచేవాడు ఆ గోడ చుట్టూ తిరిగి పోవాలి. పాత ఊళ్ళో గల్లీలోంచి గల్లీలోకి దారి ఉంటుంది. ఇక్కడ రెండు గేట్లు ఎదురెదురుగా ఉన్నా మధ్యలో డివైడర్, యూటర్న్ ఎక్కడో. ఆ ఎదురింటి పిల్లలతో మనోళ్ళు ఆడుకోవాలంటే కూడా కారు తీయాలి.

ప్రపంచంలో దీన్ని ఉల్టాగా చేసిన ఊరొకటుంది. బ్రెజిల్‌లో కురిటీబా. 1960లలో అక్కడ మాస్టర్ ప్లాన్ వేసుకున్నారు, 1974 నుంచి బస్సులకి ప్రత్యేకమైన దారులు మొదలుపెట్టారు. రూల్ ఏంటంటే బస్సు కారిడార్ పక్కనే ఎత్తు బిల్డింగులు, దాన్నుంచి దూరం పోయేకొద్దీ చిన్న ఇళ్ళు. పైనుంచి ఫొటో చూస్తే బస్సు లైను ఎక్కడుందో బిల్డింగులే చెప్తాయి. వాళ్ళు కూడా ఎత్తుని రవాణాకే కట్టేశారు, మనం కూడా కట్టేశాం. వాళ్ళు ఎంతమందిని మోయగలదో చూసి కట్టారు, మనం ఎన్ని అడుగులుందో కొలిచి కట్టాం.

మరి మనకి మెట్రో లేదా అంటారు. ఉంది. 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా వచ్చింది, అదే ఏడాది నవంబర్ 29న రాయదుర్గం దాకా. అక్కడ ఆగింది. మనకి ఐదారు కిలోమీటర్ల దూరంలో. 2022 డిసెంబర్ 9న రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రోకి కేసీఆర్ గారు శంకుస్థాపన చేశారు. ఓఆర్ఆర్ వెంబడి, మన పక్కనుంచే పోయే లైను. సరిగ్గా ఏడాదికి ప్రభుత్వం మారింది, రేవంత్ రెడ్డి గారి ప్రభుత్వం ఆ లైను ఆపేసి, ఎయిర్‌పోర్టు మెట్రోని పాతబస్తీ, ఎల్బీనగర్ వైపు నుంచి వేస్తామంది. ఓఆర్ఆర్ ఉన్నచోట, ఇంకా జనం లేని చోట మళ్ళీ మెట్రో ఎందుకు, జనం ఉన్నవైపు వేయాలి కదా అన్నది వాళ్ళ వాదన. నాకు ఆ వాదనలో న్యాయం కనిపిస్తుంది. పాతబస్తీ ఎన్నేళ్ళు ఎదురుచూడాలి? అదే టైంలో, మన దగ్గర టవర్లకి పర్మిషన్లు ఇచ్చినవాళ్ళు ఆ జనం ఎలా పోతారనుకున్నారో కూడా అడగాలి. ఇప్పుడు రెండో దశ ప్లాన్‌లో రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్ దాకా సుమారు 11 కిలోమీటర్ల లైను ఉంది. టవర్లు మాత్రం దానికోసం ఆగలేదు, నేను బాల్కనీలోంచి చూస్తుండగానే రెండు లేచాయి.

ఈ మధ్యలో వచ్చిందేంటి? సైకిల్ ట్రాక్. 2023 అక్టోబర్ 1న ఓఆర్ఆర్ పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ ప్యానెళ్ళ కప్పు. నిజంగా అందంగా ఉంటుంది. ఆదివారం పొద్దున పోతే హెల్మెట్లు, మంచి మంచి సైకిళ్ళు, రీల్స్. కానీ చాలామంది సైకిల్‌ని కారు వెనక కట్టుకుని తెచ్చుకుంటారు. ఎందుకంటే ఇంటి నుంచి ట్రాక్ దాకా సైకిల్ తొక్కాలంటే భయం. పొద్దున షిఫ్టుకి నిజంగానే సైకిల్ మీద పోయే సెక్యూరిటీ అన్నలేమో మెయిన్ రోడ్డు మీద లారీల పక్కన తొక్కుతుంటారు. వాళ్ళు పోవాల్సిన చోటికి ఆ ట్రాక్ పోదు.

వాన సంగతి చెప్తానన్నా కదా. పుప్పాలగూడ, మణికొండ, నెక్నాంపూర్ పంచాయతీలు కలిపి 2018లో మణికొండ మున్సిపాలిటీ చేశారు. అంటే డ్రైనేజీ పట్టించుకోవడానికి ఒక పట్టణ పాలన వచ్చేసరికే సైబర్ టవర్స్‌కి ఇరవై ఏళ్ళు. 2021 సెప్టెంబర్‌లో ఒక శనివారం రాత్రి పెద్ద వాన. గోల్డెన్ టెంపుల్ దగ్గర రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి. డ్రైనేజీ పని కోసం తవ్విన గుంత ఆ నీళ్ళ కింద ఉంది. నడుచుకుంటూ వస్తున్న ఒకాయన, మనలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగే, దాంట్లో పడిపోయాడు. రెండు రోజుల తర్వాత నెక్నాంపూర్ చెరువులో దొరికాడు. ఆ వీడియో అప్పుడు అందరి ఫోన్లలో తిరిగింది, మీరూ చూసే ఉంటారు. నేను ఇక్కడ వేయను.

నాకు ఆ సంఘటనలో మర్చిపోలేనిది ఒకటుంది. ఆయన చేసింది నడవడం. అంతే. బిల్డింగ్ రూల్స్‌లో ఎత్తుకి టేబుల్ ఉంది, పార్కింగ్‌కి టేబుల్ ఉంది. వాననీళ్ళలో ఇంటికి నడిచి పోయే మనిషికి ఏ టేబుల్లోనూ ఒక లైను లేదు. ఆ నీళ్ళు కూడా కొత్తగా పుట్టినవి కావు, వాలు ఎటుంటే అటు, చెరువుకే పోతున్నాయి. మధ్యలో మనం కట్టుకున్నాం.

బస్సుల మాట చెప్పకపోతే మా ఇంటికొచ్చే అక్క ఊరుకోదు. అక్క ఓఆర్ఆర్ అవతల నుంచి వస్తుంది, నాలుగిళ్ళల్లో పని చేస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీలో ఉచితం. అక్కకి నెలకి ఎంత మిగలాలి! కానీ 2019 సమ్మె తర్వాత సిటీలో వందల బస్సులు తగ్గించారు, పైగా ఇరవై రెండు అడుగుల గల్లీల్లోకి పెద్ద బస్సు తిరగదు. కాబట్టి అక్క అండర్‌పాస్ దాకా నడుస్తుంది, ఒక షేర్ ఆటో, దిగి మళ్ళీ ఇంకో షేర్ ఆటో. "బస్సు ఫ్రీ అంటరు, ఆ బస్సు నా గల్లీకి ఎప్పుడొస్తది తమ్మీ?" అని నన్ను అడుగుతుంది, నేనేదో ఆర్టీసీ ఎండీ అయినట్టు. రోజుకి ఆటోలకే ఎనభై రూపాయలు. నాలుగిళ్ళల్లో ఒక ఇంటి జీతం దాదాపు ప్రయాణానికే.

వచ్చే ఎపిసోడ్ కోసం కోకాపేట నుంచి హుస్సేన్ సాగర్ దాకా బుల్కాపూర్ నాలా వెంబడి నడుద్దామని ప్లాన్. కొన్నిచోట్ల కాలువ కనిపించదు, పైన రోడ్డో షెడ్డో ఉంటుంది, అక్కడ వాసన పట్టుకుని వెతకాలి. మీ ఇంటి పక్కనుంచి పోతుంటే లొకేషన్ కామెంట్‌లో పెట్టండి, ఆ ముక్క మాకు ముందే తెలిస్తే మంచిది.

బెల్ మోగుతోంది. అక్కే అయ్యుంటుంది, ఈరోజు నలభై నిమిషాలు లేటు. తలుపు తీయాలి, ఇక్కడికి కట్ చేస్తున్నా.